బెడ్‌సైడ్ డ్యూటీ ఇడిచి వేరే లైన్‌కు పోవాలంటే: జీఎన్ఎం, 8 ఏళ్ల అనుభవం, నల్లగొండ

క్లాక్‌టవర్ సిస్టర్:

జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి ఎనిమిదేళ్లు, అన్నీ ప్రైవేటులనే. మూడేళ్లు జనరల్ వార్డు, ఐదేళ్లు 8 బెడ్ల ఐసీయూ. నడుముల డిస్క్ జారింది, బరువులు లేపొద్దన్నరు. అంటే పేషెంట్‌ను తిప్పుడు, స్ట్రెచర్ మీదికి మార్చుడు బంద్. నర్సింగ్ ఇడిచిపెట్టాలని మాత్రం లేదు. పిల్లల బడి నల్లగొండలనే, హైదరాబాద్‌కు మారలేం. రోజూ బస్సుల 50, 60 కిలోమీటర్లు పోయి రావచ్చు.

మెడికల్ కోడింగ్ అంటున్నరు, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ అంటున్నరు, పల్లె దవాఖాన అంటున్నరు, ఫ్యాక్టరీ నర్స్ అంటున్నరు. ఒక్కోదాంట్ల అసలు పనేంది, జీఎన్ఎంకు ఏది నడుస్తది, ఏడ దెబ్బతింటరు? తెలిసినోళ్లు వివరంగ రాయండ్రి.

హ్యాండ్‌రబ్:

సిస్టర్, ఐదేళ్ల ఐసీయూ చేతిలో ఉంది కాబట్టి ముందు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్స్ పని చూడండి. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేటల్లో ఎన్‌ఏబీహెచ్‌కు (ఆస్పత్రుల నాణ్యత గుర్తింపుకు) పోదామనుకునే ప్రతి ఆస్పత్రికీ ఈ మనిషి కావాలి. పేరుకు ఒకరిని పెట్టుకుంటే చాలదు, అసెసర్ వచ్చినప్పుడు రిజిస్టర్లు విప్పి చూపాలి. జీఎన్ఎం సరిపోతుంది.

ఈ పనిలో సగం లెక్క. రోజూ ఒకే టైముకు, ఉదయం 10 గంటలకు అనుకోండి, ఎంతమందికి ఫోలీ (మూత్రం గొట్టం, అంటే క్యాథెటర్) ఉంది, ఎంతమందికి సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో వేసే గొట్టం) ఉంది, ఎంతమంది వెంటిలేటర్ మీద ఉన్నారు అని మూడు అంకెలు రాసుకోవాలి. నెల చివర కూడితే అవే డివైస్ డేస్. ఫోలీ రోజులు 186, క్యాథెటర్ వల్ల వచ్చిన యూరిన్ ఇన్‌ఫెక్షన్ ఒకటి అనుకుందాం. ఒకటిని 186తో భాగించి 1000తో గుణిస్తే 5.4. పోయిన నెల 240 రోజులకు ఒకటి, అంటే 4.2. ఇన్‌ఫెక్షన్ పెరిగిందని అప్పుడే కంగారు పడొద్దు. 8 బెడ్ల ఐసీయూలో ఒక్క కేసుకే అంకె ఎగిరి పడుతుంది. మూడు నెలలవి కలిపి చూస్తేనే ఏదైనా తెలుస్తుంది. ఈ సంగతి మేనేజ్‌మెంట్‌కు ముందే చెప్పి పెట్టుకోకపోతే ప్రతి నెలా మీటింగ్‌లో మీరే నిలబడాలి.

తప్పులు ఎక్కువగా జరిగేది పైన ఉండే ఆ 'ఒకటి' దగ్గర, అంటే ఏది క్యాథెటర్ ఇన్‌ఫెక్షన్ అని తేల్చే దగ్గర. ఫోలీ వేసిన రోజును ఒకటో రోజుగా లెక్కపెట్టి, రెండు రోజులు దాటాక వచ్చిందే దీని కిందికి వస్తుంది. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటడమో, పొత్తికడుపు నొప్పో, అలాంటి లక్షణం ఉండాలి. మూత్రం కల్చర్‌లో (క్రిములను పెంచి చూసే పరీక్షలో) మిల్లీలీటరుకు కనీసం లక్ష కాలనీలు, రెండు రకాలకు మించని క్రిములు ఉండాలి. క్యాండిడా (ఒక రకం ఫంగస్) ఒక్కటే వస్తే లెక్కలోకి రాదు. మామూలుగా జరిగేదేంటంటే, నైట్ సిస్టర్ తొందరలో యూరోబ్యాగ్ కింది ట్యాప్ నుంచి శాంపిల్ పట్టి పంపుతుంది. బ్యాగులో గంటలు గంటలు నిలవున్న మూత్రంలో ఏదైనా పెరుగుతుంది, రిపోర్టు పాజిటివ్ వస్తుంది, పేషెంట్‌కు అక్కర్లేని యాంటీబయాటిక్ ఎక్కుతుంది, మీ రిజిస్టర్‌లో లేని ఇన్‌ఫెక్షన్ పడుతుంది. ట్యూబ్‌ను కాసేపు క్లాంప్ చేసి, శాంప్లింగ్ పోర్టును స్పిరిట్‌తో తుడిచి, స్టెరైల్ సిరంజితో తీయాలి. ఐసీయూలో పని చేసినవాళ్లకు ఇది కొత్త కాదు. అందుకే ఈ పోస్టుకు ఐసీయూ మనిషిని అడుగుతారు.

మిగతా సగం చెత్త, ద్రావణాలు, సూదిపోట్లు. 2016 బయోమెడికల్ వేస్ట్ నియమాల ప్రకారం చెత్తను పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగులవారీగా వేరు చేయాలి, శుద్ధి చేయని చెత్త 48 గంటలకు మించి నిల్వ ఉండొద్దు అన్నది అందరూ చదివిందే. ఆడిట్‌లో దొరికిపోయేది మాత్రం హైపోక్లోరైట్ (క్రిములను చంపే ద్రావణం) దగ్గర. 5 శాతం డబ్బా నుంచి 1 శాతం కావాలంటే ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు: అర లీటరుకు రెండు లీటర్లు. 'ఒకటికి ఐదు' అని గోడ మీద రాసిపెట్టిన చోట్లు ఉన్నాయి, అది 0.83 శాతమే అవుతుంది. ఏ రోజుది ఆ రోజే కలపాలి, మూత ఉండాలి, ఎండ తగలకూడదు. మన నల్లగొండ ఎండకు కిటికీ పక్కన పెట్టిన బకెట్‌లో సాయంత్రానికి వాసన తప్ప బలం మిగలదు.

సూది గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడగాలి, పిండకూడదు. హెచ్ఐవీ మందు అవసరమైతే రెండు గంటల్లోపు మొదలుపెట్టడం మంచిది, 72 గంటలు దాటితే పెట్టరు, 28 రోజులు వాడాలి. అర్ధరాత్రి ఆ మొదటి డోసు ఏ అల్మారాలో ఉంది, తాళం ఎవరి దగ్గర ఉంది అన్నది ముందే తేల్చిపెట్టడం మీ పని.

చదువుకోవడానికి డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) వాళ్ల ఆన్‌లైన్ ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కోర్సులు ఉచితంగా ఉన్నాయి, సర్టిఫికెట్ కూడా వస్తుంది. ఇక ఒక చేదు మాట. చాలాచోట్ల ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ అని పేరిచ్చి, స్టాఫ్ తక్కువైన రోజు వార్డుకే తోలుతారు. 'వార్డు డ్యూటీ ఉండదు' అని అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాయించుకోకుండా చేరితే మీ నడుము మళ్లీ మొదటికే వస్తుంది.

క్లాక్‌టవర్ సిస్టర్:

మస్తు వివరంగ చెప్పిండ్రు, థ్యాంక్స్. మరి కోడింగ్ సంగతి? మూడు నెలల కోర్సు, జాబ్ గ్యారంటీ, ఇంటికాడనే పని అని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నరు.

క్వెరీ పెట్టు:

అక్కా, ఫీజు కట్టే ముందు ఇది చదువు. మన దగ్గర మెడికల్ కోడింగ్ అంటే ఎక్కువ భాగం అమెరికా ఇన్సూరెన్స్ కోసం చేసే పని. డాక్టరు రాసిన నోట్స్ చదివి, జబ్బుకు ఐసీడీ-10-సీఎం కోడ్, చేసిన పనికి సీపీటీ కోడ్ ఇవ్వాలి. ఐసీడీ ప్రతి అక్టోబరు 1న మారుతుంది, సీపీటీ ప్రతి జనవరి 1న. కంపెనీలు అడిగేది ఎక్కువగా ఏఏపీసీ (అమెరికాలోని కోడర్ల సంస్థ) వాళ్ల సీపీసీ సర్టిఫికెట్. 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే పాస్. పుస్తకాలు చూసి రాయొచ్చు. కానీ ప్రశ్నకు రెండున్నర నిమిషాలు కూడా రావు, ఏ పేజీలో ఏముందో చేతికి తెలిసి ఉండాలి. పాసైనా అనుభవం లేకపోతే పేరు వెనక అప్రెంటిస్ అని ఒక 'ఏ' ఉంటుంది. అది పోవాలంటే రెండేళ్ల పని చూపాలి, లేదా 80 గంటల కోర్సుతో పాటు ఒక ఏడాది పని. మూడు నెలల కోర్సు ఆ 'ఏ'ను తీసెయ్యదు.

నర్సులకు అనాటమీ, మందుల పేర్లు వచ్చు కాబట్టి మొదటి నెల హాయిగా పోతుంది. రెండో నెలలో అదే తెలివి అడ్డం వస్తుంది. చార్ట్‌లో హిమోగ్లోబిన్ 7 ఉంది, రక్తం ఎక్కించారు, డాక్టరు మాత్రం ఎనీమియా అని ఎక్కడా రాయలేదు. నర్స్ కళ్లకు అది ఎనీమియానే. కోడర్ ఆ కోడ్ ఇవ్వకూడదు, డాక్టరుకు క్వెరీ పెట్టాలి, అంటే రాతలో ప్రశ్న పంపాలి. యూరోసెప్సిస్ అని రాసి ఉంటే సెప్సిస్ అనుకుని కోడ్ ఇచ్చేస్తారు, అదీ తప్పే. ఆ మాటకు కోడ్ లేదు, మళ్లీ క్వెరీయే. ఇంకోవైపు షుగర్, కిడ్నీ జబ్బు రెండూ రాసి ఉంటే, వాటికి సంబంధం లేదని డాక్టరు రాయనంత వరకు సంబంధం ఉన్నట్టే కోడ్ చేయాలి. ఓపీ నోట్స్‌లో 'అనుమానం', 'ఉండొచ్చు' అన్నవాటికి కోడ్ ఇవ్వరు. ఇన్‌పేషెంట్ డిశ్చార్జ్‌లో అవే మాటలుంటే జబ్బు ఉన్నట్టే ఇస్తారు. తర్కం వెతక్కుండా గైడ్‌లైన్ పట్టుకుని పోవాలి. బెడ్‌సోర్ ఏ స్టేజ్, బీఎంఐ ఎంత అన్నవి మాత్రం నర్స్ నోట్స్ నుంచే తీసుకోవచ్చు. కానీ బెడ్‌సోర్ ఉందన్న మాట డాక్టరే రాయాలి.

రోజుకు ఇన్ని చార్టులని టార్గెట్, క్వాలిటీ సాధారణంగా 95 శాతం. పేషెంట్ల వివరాలు కాబట్టి ఫ్లోర్ మీదికి ఫోన్ రానివ్వరు. కొత్తవాళ్లకు ఇంటి నుంచి పని దొరకడం అరుదు. మన దగ్గర ఆఫీసులు ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉన్నాయి, నువ్వేమో మారలేనంటున్నావు. అన్నిటికంటే ముఖ్యం, డిస్క్ జారిన మనిషికి రోజుకు ఎనిమిది, తొమ్మిది గంటల కుర్చీ పేషెంట్‌ను లేపడం కంటే మేలని ఎవరు చెప్పారు? ముందు ఫిజియోను అడుగు, తర్వాత ఇన్‌స్టిట్యూట్‌ను. గ్యారంటీ అన్నవాళ్లను ఒక్క ప్రశ్న అడిగి చూడు: ఉద్యోగం రాకపోతే ఫీజు వాపస్ అని కాగితం మీద రాసిస్తారా?

పాలమూరు బీపీ మిషన్:

పల్లె దవాఖాన గురించి. సబ్‌సెంటర్‌నే ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అంటున్నరు, 2023ల పేరు మారింది. అండ్ల ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టు. ఎంబీబీఎస్, బీఏఎంఎస్ వాళ్లతోని పాటు నర్సులను గూడ తీసుకుంటరు, కానీ ఉత్త జీఎన్ఎం నడవదు. కమ్యూనిటీ హెల్త్‌ల ఆరు నెలల బ్రిడ్జ్ కోర్సు కావాలె. 2020 తర్వాత బీఎస్సీ నర్సింగ్ పాసైనోళ్లకు అది సిలబస్‌లనే కలిసి ఉంటది. 2022 నోటిఫికేషన్‌ల నర్సులకు నెలకు 29,900, డాక్టర్లకు 40,000 ఇచ్చిండ్రు. కాంట్రాక్టు పోస్టు, జిల్లాల వారీగ పడుతది.

పని మందులిచ్చుడొక్కటే అనుకోవద్దు. 30 ఏళ్లు దాటినోళ్లందరికీ బీపీ, షుగర్, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్. ముందు ఆశా ఇంటింటికి పోయి సీబ్యాక్ ఫారం (జబ్బుల ముప్పును అంచనా వేసే ఫారం) నింపుతది, స్కోరు 4 దాటినోళ్లను ముందుగాల పిలిపియ్యాలె. బీపీ చూసేటప్పుడు, ఎండల నడిచొచ్చిన పెద్దమనిషిని కూసోవెట్టంగనే కఫ్ కట్టకండ్రి. ఐదు నిమిషాలు కూసోనియ్యాలె, వీపుకు ఆనుడుండాలె, కాళ్లు నేలకు ఆనాలె, చెయ్యి గుండె ఎత్తుల ఉండాలె, రెండుసార్లు చూడాలె. లావు చేతికి చిన్న కఫ్ కడితే బీపీ ఎక్కువ చూపిస్తది. పంచె మడిచినట్టు అంగీ చేతిని పైకి మడిస్తే అది బిగిసి అదో తప్పు. గీ చిన్న తప్పులకే ఊళ్ల సగం మందికి బీపీ గోళీలు రాసినట్టయితది. డాక్టరు సలహా కావాలంటే ఈ-సంజీవని (ఆన్‌లైన్ల డాక్టరుతోని మాట్లాడే సర్కారు సేవ) మీద మాట్లాడాలె. సిగ్నల్ లేని తండాల అది ఎట్ల నడుస్తదో మీరే అనుకోండ్రి.

బరువులు లేపుడు తక్కువే, కానీ స్కూటీ మీద గుంతల రోడ్లు ఉంటయి. డిస్క్‌కు అది మంచిది కాదు.

ఇంకోటి. సర్కారు నర్సింగ్ ఆఫీసర్ నోటిఫికేషన్ వస్తదని ఆగకండ్రి. మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు పెట్టే పరీక్షకు 80 మార్కులు, మిగిలిన 20 సర్కారు దవాఖానల కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు: గిరిజన ప్రాంతంల ఆరు నెలలకు 2.5, వేరేకాడ 2. మీ ఎనిమిదేళ్ల ప్రైవేటు సర్వీసుకు అండ్ల సున్నా. అండ్ల గెలిచినా మళ్లీ బెడ్‌సైడే.

జడ్చర్ల బీ షిఫ్ట్:

ఫ్యాక్టరీ నర్స్ అంటే తలనొప్పి గోళీ ఇచ్చి కూర్చోవడం అనుకుంటారు. 500 మందికి మించి పనివాళ్లున్న ఫ్యాక్టరీలో అంబులెన్స్ రూమ్, అందులో నర్సింగ్ స్టాఫ్ ఉండాలని చట్టమే చెబుతుంది. మీకు మా పోలేపల్లి దూరం. దామరచర్ల వైపు థర్మల్ ప్లాంటు, వాడపల్లి సిమెంటు, ఇటు చౌటుప్పల్ ఫార్మా చూడండి. చాలా పోస్టులు కాంట్రాక్టర్ కింద ఉంటాయి, జీతం స్లిప్పులో పీఎఫ్, ఈఎస్ఐ పడుతున్నాయో లేదో మొదటి నెలే చూసుకోండి. ఇక్కడా ఏ, బీ, సీ షిఫ్టులు తిరుగుతాయి, నైట్ డ్యూటీ పోతుందని ఆశ పడొద్దు.

నేర్చుకోవాల్సినవి వేరే. సిమెంటు దుమ్ములో పనిచేసేవాళ్లకు స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పరీక్ష), మోత ఉన్నచోట ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష). స్పైరోమీటర్‌ను రోజూ 3 లీటర్ల సిరంజితో సరిచూడాలి, 3 శాతం కంటే తేడా ఉండొద్దు. మనిషి కనీసం మూడుసార్లు సరిగ్గా ఊదాలి, వాటిలో మంచివి రెండూ 150 మిల్లీలీటర్ల తేడాలో ఉండాలి. ఎనిమిదిసార్లు ఊదినా రాకపోతే ఆ రోజుకు ఆపేయాలి. లైన్‌లో యాభై మందిని నిలబెట్టి ఒక్కో ఊదుడుకు పంపించేస్తే ఆ రిపోర్టు కాగితం ఖర్చుకే. ఆడియోమెట్రీ షిఫ్ట్ దిగిన మనిషికి చేయకండి, కనీసం 14 గంటలు మోతకు దూరంగా ఉండి రావాలి, లేదంటే లేని చెవుడు కనబడుతుంది.

ఫార్మాలో ప్రతి రసాయనానికీ ఎస్‌డీఎస్ (సేఫ్టీ డేటా షీట్) అని 16 సెక్షన్ల కాగితం ఉంటుంది. నాలుగోది ఫస్ట్ ఎయిడ్. మీ ప్లాంటులో వాడే రసాయనాల నాలుగో సెక్షన్‌లను ప్రింట్ తీసి అంబులెన్స్ రూములో పెట్టుకోండి. కంట్లో రసాయనం పడితే ముందు నీళ్లు, కనీసం 15 నిమిషాలు, ఆ తర్వాతే బండి. ఏప్రిల్, మే నెలల్లో వడదెబ్బ. ఒళ్లు 40 డిగ్రీలు దాటి మాట తడబడుతుంటే పారాసిటమాల్ పనిచేయదు, బట్టలు తీసి తడిపి, ఫ్యాన్ పెట్టి, ఐస్ పెట్టి చల్లార్చడం మొదలుపెట్టాలి, ఆస్పత్రి తర్వాత.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే హెచ్ఆర్ దగ్గర. 'ఆయన రిపోర్టు పంపండి' అంటారు. ఫిట్, అన్‌ఫిట్, ఫలానా పని వద్దు. ఈ మూడింట్లో ఒకటి మాత్రమే బయటికి పోవాలి. షుగరో, ఫిట్సో అన్న పేరు పోకూడదు. ఒక్కసారి పోయిందంటే పనివాళ్లు మీ గడప తొక్కరు, దెబ్బలు దాచుకుంటారు.

డిశ్చార్జ్ ఫైల్:

హ్యాండ్‌రబ్ గారు చెప్పింది మంచిదే, కానీ నల్లగొండలో ఆ పోస్టులు ఎన్ని? ఊళ్లోనే దొరికేది ఇన్సూరెన్స్ డెస్క్, ఆరోగ్యశ్రీ డెస్క్. పెద్దగా ఎవరూ చెప్పుకోరు కానీ ఐసీయూ సిస్టర్‌కు వారంలో పట్టుబడే పని. 2024 నుంచి ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీల నియంత్రణ సంస్థ) నియమం ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థనకు గంటలో, డిశ్చార్జ్ ఆమోదానికి మూడు గంటల్లో కంపెనీ తేల్చాలి. ఆ గడియారం మన ఫైల్ పూర్తిగా పోయినప్పుడే పనిచేస్తుంది. స్టెంటో, ప్లేటో వేసిన కేసులో ఇంప్లాంట్ స్టిక్కర్ కేస్‌షీట్‌లో అంటించలేదంటే ఫైల్ ఆగిపోతుంది. అది ఓటీ చెత్తబుట్టలో ఉంటుంది, పేషెంట్ అటెండర్లు మీ డెస్క్ ముందు ఉంటారు.

ఇంకో గుంత: క్యాజువాల్టీలో 'బీపీ 3 ఏళ్లుగా' అని ఒకరు, వార్డులో '6 నెలలుగా' అని ఇంకొకరు రాస్తారు. రెండూ చూసిన కంపెనీ పాత జబ్బని ప్రశ్న వేస్తుంది. అప్పుడు దిద్దడం నేరం, కేస్‌షీట్ మీద వైట్‌నర్ పడితే క్లెయిమ్ పోయినట్టే. అడ్మిషన్ రోజే రెండు నోట్స్ పక్కపక్కన పెట్టి చదివి, తేడా ఉంటే డాక్టరుతో తేదీ, టైము వేసి అదనపు నోట్ రాయించాలి. లేని జబ్బు రాయమని, ఉన్నది తీసేయమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. సంతకం మీది కాని చోట మీ చేతిరాత ఉండకూడదు.

హ్యాండ్‌రబ్:

డిశ్చార్జ్ ఫైల్ గారూ, నిజమే, పోస్టులు తక్కువ. అయినా సిస్టర్ ఇప్పుడున్న ఆస్పత్రిలోనే అడగొచ్చు. ఐసీయూ డివైస్ లెక్కలు ఎవరూ రాయకపోతే మూడు నెలలు తానే రాసి, ఆ మూడు కాగితాలతో మేనేజ్‌మెంట్ దగ్గరికి పోతే కొత్త పోస్టు అక్కడే పుట్టొచ్చు.

క్లాక్‌టవర్ సిస్టర్, ఎటు పోయినా రెండు పనులు ఈ నెలలోనే చేయండి. ఒకటి, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు చూసుకోండి. ఐదేళ్లకోసారి రెన్యువల్, దానికి సీఎన్ఈ (నర్సుల నిరంతర శిక్షణ) గంటలు చూపాలి. బెడ్‌సైడ్ వదిలాక ఆ గంటలు వాటంతటవే రావు. రెండు, రాజీనామా ఇచ్చే ముందే ఎక్స్‌పీరియన్స్ లెటర్. 'స్టాఫ్ నర్స్‌గా పనిచేసినారు, ప్రవర్తన బాగుంది' అన్న రెండు లైన్ల కాగితం తీసుకోకండి. ఏ యూనిట్, ఎన్ని బెడ్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వెంటిలేటర్, సెంట్రల్ లైన్ కేర్, ఇన్‌చార్జ్ డ్యూటీ చేసి ఉంటే అది కూడా రాయించుకోండి. డ్రాఫ్ట్ మీరే టైపు చేసి తీసుకెళ్తే లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టడానికి ఎవరూ పెద్దగా అడ్డు చెప్పరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టుకుని ఉంటే, అవి చేతికొచ్చాకే రాజీనామా మాట ఎత్తండి.